తూము దగ్గర చీమలు

అత్తయ్యా,

డ్యూటీకి వెళ్తున్నాను, రెండింటికల్లా వచ్చేస్తాను. పాప లేవగానే గాజు జగ్గులోని ఓఆర్‌ఎస్ నీళ్లు నిమిషానికో చెంచా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. లీటరు నీళ్లలో ప్యాకెట్టు కలిపే ఉంచాను, ఇంకేమీ కలపొద్దు. మత్తుగా పడి ఉన్నా, మూత్రం పోయకపోయినా నాకు ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. నిన్న సాయంత్రం ఖాళీ జగ్గు చూపించి "అంతా తాగేసింది నా బంగారం" అన్నారు. మరి దాని నోరెందుకు ఎండిపోయింది? ఏడిస్తే కన్నీళ్లెందుకు రాలేదు? నేను కూర్చుని పట్టాకే కదా తేరుకుంది! పొద్దున చూస్తే వంటింటి తూము చుట్టూ చీమల బారు. ఉత్త నీళ్లకు చీమలు రావు కదా.

"నీళ్లు పట్టేకొద్దీ విరేచనాలవుతూనే ఉంటాయి" అని పక్కింటి పిన్నిగారితో మీరనడం విన్నాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు మందేమిటని మొదట నాకూ అనిపించింది. ఆసుపత్రిలో నర్సమ్మను అడిగాను. "విరేచనాలు ఆపడానికి కాదమ్మా, ఒంట్లోంచి పోయిన నీళ్లు తిరిగి నింపడానికి" అంది.

జగ్గు మీద నీళ్లున్నంత మేర గోళ్లరంగుతో గీత పెట్టాను. తూము కడిగి పొడిగా తుడిచాను. వచ్చాక రెండూ చూస్తాను.

పసితనంలోనే పోయిన మీ పెద్దబాబు సంగతి ఆయన నిన్ననే చెప్పారు. విరేచనాల్లో నీళ్లు పట్టొద్దని ఆ రోజు మీకు చెప్పినవాళ్లది తప్పు, మీది కాదు. దీనికి పట్టండి అత్తయ్యా.