ఉసిరిపొడి, మాత్ర, కుడికన్ను

కార్తీక పాడ్యమి

బడి మానిన తరువాత ఉత్తరం ముక్క కూడా రాయలేదు. ఇవాళ కలం పట్టక తప్పలేదు. ఇంట్లో చెప్పలేనిది ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి.

షుగర్ మాత్రలు మానేసి నలభై రోజులు. ఆయనకు తెలియదు. బదులుగా ఉసిరిపొడి, పసుపు, మెంతులు కలిపి పొద్దున్నే చెంచాడు. రక్తనాళాలకు రక్ష అని ఫోనులో ఎవరో చెప్పారు. ఉసిరిచెట్టు కింద దీపం పెట్టుకుంటాం, ఆ కాయ మోసం చేస్తుందా అనుకున్నాను.

ఇవాళ పారాయణలో కుడికంట నల్లచుక్కలు తేలాయి. సగంలో ఆపేశాను.

మొదటి సోమవారం

నరసరావుపేట. కళ్ల డాక్టరమ్మ కంటి లోపల ఫొటో తీసి చూపించింది. ఎర్రని దారాల్లాంటి నాళాలు... అక్కడక్కడ చిట్లి రక్తపు చుక్కలు. ఇలాగే సాగితే చూపు పోతుందట. తల దించుకుని పొడి సంగతి చెప్పాను.

"ఉసిరి తినండమ్మా, మంచిదే. మాత్ర మానమని ఉసిరి చెప్పిందా?"

ఆయన బయట బెంచీ మీద ఉన్నారు. వినలేదు.

మాత్రలతో ఉపవాసం కుదరదంది. మధ్యాహ్నమే అన్నం తిన్నాను. కోటయ్యస్వామీ, మన్నించు.

ఆదివారం

అత్తమ్మ — "ఏమే, ఆదివారం ఉసిరి ముట్టుకుంటారా ఎవరన్నా?" పొడి డబ్బా మూసేశాను. మాత్ర వేసుకున్నాను. మాత్రకు వారం వర్జ్యం లేదు.

పుష్యమాసం, బుధవారం

రక్తపరీక్షలో షుగర్ బాగా దిగింది! మాత్ర, జొన్నన్నం, నడక, చెంచాడు పొడి — ఎవరి పుణ్యం ఎంతో విడదీయలేను.

మాఘమాసం, శుక్రవారం

గెలిచాను.

పాత ఫొటో పక్కన కొత్తది పెట్టింది డాక్టరమ్మ. చుక్కలు చాలావరకు ఆరిపోయాయి. కొత్తది ఒక్కటీ లేదు. బస్టాండులో అంత దూరం నుంచి వినుకొండ బోర్డు పైకి చదివేశాను. పక్కన ముసలాయన — "ఏందమ్మా, నాకూ చదువొచ్చులే." ఇంటిదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం పారాయణ మొదటి నుంచి చివరిదాకా. ఒక్క అక్షరం తడబడలేదు. దీపం ముందు కన్నీళ్లు... చల్లగా.

ఆదివారం

ఆయన వీధంతా చాటుతున్నారు — "మా ఆవిడ పొడితోనే కన్ను నిలబెట్టుకుంది!"

ఎదురింటి నాగమణి వచ్చింది. ఆమెకూ షుగరే. "వదినా, నాకూ ఒక డబ్బా కలిపి పెట్టు. ఆ మాత్రలు మింగలేక చస్తన్నా, పారేస్తా."

"పొడి ఇస్తాను, మాత్ర మాత్రం మానకు."

"చానా చెప్పావులే! నీకు తగ్గలా?"

ఎందుకు మానకూడదో చెప్పాలంటే నా నలభై రోజులూ చెప్పాలి. ఆయన పక్కనే నిలబడి మురిసిపోతున్నారు. రేపు పొద్దున వస్తానని వెళ్లింది.

పుస్తకమా, నిన్ను చీరల అడుగున పెడుతున్నాను. అక్కడే ఉండు, ఎవరి కంటా పడకు. నాగమణికి నోటితోనే చెప్పాలి... ఆయన ముందు, రేపు —