ఇంజను నంబరు

3 జనవరి 2006, మంగళవారం

రాఘవేందర్ సారు పెట్రోల్ బంకు మీది రూములో పాత కార్ల క్లబ్బు మీటింగు. ఇరవై ఆరున మన వనపర్తిలో షో. గద్వాల, నాగర్‌కర్నూల్, మన ఊరు కలిపి పంతొమ్మిది ఎంట్రీలు. జడ్జిలు ఇద్దరం. గద్వాల లెక్చరర్ మాలతి మేడం, నేను. ముప్పై ఏండ్ల నుంచి స్పానర్ పట్టిన, పద్దెనిమిది ఏండ్ల నుంచి పాస్టరుగ వాక్యం పట్టిన. రెండూ ఎవరూ నేర్పింది లేదు. నీ నోరు కారమే గాని అబద్ధం రాదు, అందుకే నిన్ను పెడుతున్న అన్నడు సారు.

రూల్సు కాడ లొల్లి అయింది. ఒరిజినల్ కప్పు కావాలంటే ఇంజను మీది నంబరు ఆర్‌సీ బుక్కుతో కలవాలె, కలవకుంటే బండి అవుట్ అన్న. సారు తల పట్టుకున్నడు. అయ్యగారూ, మన పాలమూరు ఎండలకు పుట్టిన ఇంజనుతోటి ఉన్న కారు ఏడున్నది, సగం అంబాసిడర్లల్ల మెటడోర్ వ్యాన్ల డీజిల్ ఇంజన్లున్నయి, జర ఇడిచిపెట్టు అన్నడు. బయట రంగు, లోపల కుళ్ళు, సున్నం కొట్టిన సమాధికి కప్పు ఇస్తవా అని అడిగిన. రూలు నా చేత్తోనే రాసిన.

9 జనవరి, సోమవారం

మార్కుల షీట్లు జిరాక్స్ అయినయి. బాడీ, లోపలి సీట్లు, ఇంజను, నడక. పుట్టీ పెట్టిన చోటు పట్టడానికి అయస్కాంతం ఒకటి కొన్న. అయిజ నుంచి హన్మంతు ఫోన్ చేసి, నా ట్రాక్టర్ కూడ పాతదే, దాన్ని కారు అనుకోరాదా అన్నడు. ఎన్ని చక్రాలున్నా ట్రాక్టర్ ట్రాక్టరే అన్న. కారుల కూసుంటే నడుము నొస్తది, మా దాంట్ల కూసున్నా నొస్తది, తేడా ఏంది అన్నడు. నవ్వు ఆగలే.

16 జనవరి, సోమవారం

మాసయ్య ఫియట్ ఎంట్రీ వచ్చింది. 1964 మోడల్, నీళ్ళు కలిపిన పాల రంగు. మాసయ్య మా మందిరంలో మొదటి నుంచి ఉన్నడు. అరవై దాటినయి. నలభై ఏండ్లు ఆ ఒక్క కారే నడిపిండు. కారు ఓనర్ పెద్దసారు పోయినంక కూడ ఆ పాత ఇంటి కారు షెడ్డు పక్క గదిలో భార్య పెంటమ్మతోటి ఉంటుండు, కారు తుడుచుకుంటూ.

పెద్దసారు కొడుకు తిరుపతి నాగర్‌కర్నూల్‌లో కాంట్రాక్టర్. ఇల్లు అమ్ముత అంటుండు. మాసయ్య బతిమిలాడితే ఒక మాట అన్నడంట. షోలో కప్పు కొడితే ఆ కారుకు ఒక పేరుంటది, కారు ఉంచుత, షెడ్డు ఉంచుత, నువ్వు ఉండు. కొట్టకుంటే నెలాఖరుకు అన్నీ పోతయి, నువ్వు నీ దారి చూసుకో అని.

మాసయ్యకు ఇంకో దారి లేదు. పిల్లలు లేరు.

20 జనవరి, శుక్రవారం, సాయంత్రం 6

మా మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. మూడు గంటలకు, మనసుల బరువున్నోళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చి చెప్పుకుంటరు. నేను వింట, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్త. విన్నది గడప దాటదు. దొంగతనాలు విన్న, లంచాలు విన్న, పక్కింటి కాపురాల సంగతులు విన్న. ఒక్కటి బయటికి పోలేదు. దాని మీదనే నిలబడ్డది మందిరం, రేకుల మీద కాదు.

ఇవాళ మాసయ్య వచ్చిండు. ఎనభై తొమ్మిదిలో శ్రీరంగాపూర్ పోయేనాడు రేడియేటర్ల నీళ్ళు చూసుకోలేదంట. ఇంజను పట్టేసింది, బ్లాక్ పగిలింది. పెద్దసారు అప్పుడు ఊర్ల లేడు. తప్పు తనది గదా అని పెంటమ్మ వెండి కడియాలు అమ్మి, కర్నూలు స్క్రాపుల నుంచి పద్మిని కారు ఇంజను తెచ్చి వేసిండు. అది ఇది ఒక్క తీరే ఉంటయి. దాని నంబరు ఆకురాయితోటి గీకేసి, పాత నంబరు అంకెల పంచీలతోటి కొట్టిండు. పదిహేడేండ్లు ఎవ్వరికీ చెప్పలేదు. పెద్దసారు చచ్చేదాక ఆ కారుల కూసొని, నా మాసయ్య చేతిల ఇంజను గడియారం అనేటోడంట. ఆ మాట గుర్తొస్తే అన్నం దిగదు అయ్యగారూ అని ఏడ్చిండు.

ప్రార్థన చేసిన. నీకు క్షమాపణ దొరికింది, లేచి పో అన్న. తేలికై పోయిండు.

గేటు వేస్తుంటే గుర్తుకొచ్చింది, ఆ కారుకు జడ్జిని నేనే అని. రూలు కూడ నాదే.

21 జనవరి, శనివారం

ఎస్తేరు నా మొఖం చూసి కనిపెట్టింది. ఎవరిదో, ఏందో అడగలేదు. నా పెండ్లాం ఎన్నడూ అడగదు. నువ్వు దేవునికి చెవివా, క్లబ్బుకు కన్నువా, ముందుగాల అది తేల్చుకో అన్నది.

రాఘవేందర్ సారు దగ్గరికి పోయి జడ్జిగా తప్పుకుంట అన్న. పాంప్లెట్ల మీద నీ పేరున్నది, నువ్వు ఉన్నవంటేనే గద్వాలోళ్ళు వస్తున్నరు, నా పరువు తీయకు అన్నడు. కారణం చెప్పు అన్నడు. చెప్పరాదు గదా.

23 జనవరి, సోమవారం

ఎంట్రీ వాపస్ తీసుకో అని చెప్దామని మాసయ్య షెడ్డుకు పోయిన. చక్రం ఊడదీసి, లోపలి వైపు కూడ బ్రాసో పాలిష్ పెట్టి రుద్దుతుండు. ఆడ ఎవరు చూస్తరు మాసయ్యా అన్న. నేను చూస్త గదా అయ్యగారూ అన్నడు. పెంటమ్మ చాయ్ ఇచ్చింది. మీరు ప్రార్థన చేసినంక పిల్లగాని తీరు నిద్రపోతుండు, గురక కూడ పెడుతుండు, నాకే నిద్ర లేదు అని నవ్వింది.

చాయ్ తాగి వచ్చేసిన. వేల మందిల అరిచేటోన్ని, ఒక్క ముసలాయన ముందు నోరు తెరవలే.

25 జనవరి, బుధవారం

బైబిలు తిప్పితే, చెవిలో చెప్పింది మిద్దెల మీద చాటింపు అయితది అన్న వాక్యం దొరికింది, నాకు కావాల్సినట్టే.

26 జనవరి, గురువారం

అంతా రాయాలె.

పొద్దున జెండా అయినంక బండ్లు లైన్ల నిలబడ్డయి. జనం బాగా వచ్చిండ్రు. మూడు అంబాసిడర్లు డీజిల్ ఇంజన్లతోటి దొరికినయి, అవుట్ రాసిన. ఒక జీపుకు అయస్కాంతం ఎక్కడా అంటుకోలే, మొత్తం పుట్టీ. ఓనర్ నా మీదికి వచ్చి, నువ్వు బండిని చూస్తున్నవా, శవానికి పంచనామా చేస్తున్నవా అన్నడు.

ఫియట్ కాడికి వచ్చినం. మాసయ్య బానెట్ ఎత్తిండు. ఇంజను మీద అన్నం పెట్టుకొని తినొచ్చు, గట్లున్నది. మాలతి మేడం టార్చి పట్టి నంబరు చదివింది, బుక్కు చూసింది, మ్యాచ్ అని టిక్కు పెట్టింది. ఆ పంచీ కొట్టిన చెయ్యి ఎంత సాఫుగ కొట్టిందంటే, ముప్పై ఏండ్లు ఇంజన్లు విప్పిన నాకు గూడ తెలిసేది కాదు. వింటే తప్ప. షీటు నాకిచ్చింది. మాసయ్య నన్ను చూడలేదు. దాచిపెట్టినోడు చూడకపోవుడు కాదు అది, నమ్మినోడు చూడకపోవుడు. సంతకం పెట్టిన.

మొత్తం కూడితే ఫియట్ ఫస్టు. రెండోది రాఘవేందర్ సారు అంబాసిడర్, నాలుగు మార్కులు తక్కువ.

సాయంత్రం స్టేజీ. తిరుపతి కొత్త చొక్కా వేసుకొని వచ్చిండు, ఫోటోగ్రాఫర్‌ను తెచ్చుకున్నడు. మాసయ్య మెట్ల కాడ టోపీ చేతిల పట్టుకొని నిలబడ్డడు. సారు నా చేతికి మైకిచ్చి, రెండు మాటలు చెప్పి పేరు చదువు అన్నడు.

మైకు చేతికొస్తే నాకు ఏమైతదో నాకే తెల్వదు. సంతకం మీద సంతకం, అబద్ధం మీద అబద్ధం అని లోపల మండుతున్నది. ఈ గ్రౌండుల ఒక దొంగ నంబరు ఉన్నది అన్న. త్రాసు దొంగదైతే దేవుడు ఓర్వడు అన్న. జనం సప్పుడు ఆగింది. ఆగితే నాకు ఇంకా ఊపు వస్తది. బండి పేరు చెప్పిన. పంచీల సంగతి చెప్పిన, పద్మిని ఇంజను సంగతి చెప్పిన, సంవత్సరం చెప్పిన. కడియాల సంగతి చెప్పలేదు. నీళ్ళ సంగతి చెప్పలేదు. నాకు పనికొచ్చేదే చెప్పిన.

తిరుపతి మాసయ్య దిక్కు తిరిగి, నిజమేనా, మా నాయనకు గిట్ల చేసినవా అన్నడు. మాసయ్య ఆయన్ను చూడలే. నన్ను చూసిండు. నిజమే చిన్నసారు అన్నడు.

కప్పు రాఘవేందర్ సారుకు పోయింది. జనం చప్పట్లు నాకు కొట్టిండ్రు. జడ్జి అంటే గిట్లుండాలె అన్నరు.

నాకు బాగనిపించింది. ఇది కూడ రాయాలె. ఇంటికొచ్చేదాక బాగనే అనిపించింది.

అప్పటికే సంగతి విన్న ఎస్తేరు తలుపు తీసి, ఆ ఇంజను గుట్టు నీకు ఎట్ల తెలిసింది అని ఒక్క మాట అడిగింది. నేను చెప్పకముందే లోపలికి పోయింది.

29 జనవరి, ఆదివారం

మాసయ్య, పెంటమ్మ రాలేదు. సత్యం గురించి గంటన్నర చెప్పిన. ఆమెన్‌లు తక్కువ.

3 ఫిబ్రవరి, శుక్రవారం

మూడు గంటలకు ఎవరూ లోపలికి రాలేదు. అందరూ బయట కూసొని పాటలు పాడి పోయిండ్రు.

6 ఫిబ్రవరి, సోమవారం

ఫియట్‌ను లారీ మీద కర్నూలు స్క్రాపుకు పంపిండు తిరుపతి. మాసయ్యే స్టీరింగ్ పట్టి లారీ ఎక్కించిండంట, పలకల మీద నుంచి గీత పడకుండ. స్క్రాపుకు పోయేదానికి గీత పడితే ఏంది అని లారీ డ్రైవర్ నవ్విండంట. ఆయన దిగి బానెట్ తుడిచిండంట. రెండు ట్రంకు పెట్టెలు, ఒక మంచం ఆటోల వేసుకొని బిజినేపల్లికి, పెంటమ్మ చెల్లె ఇంటికి పోయిండ్రు.

10 ఫిబ్రవరి, శుక్రవారం

ఎవరూ రాలేదు. నల్లా కాడ నర్సమ్మ అన్నదంట, అయ్యగారికి చెప్పుకునే బదులు ఆటోకు మైకు కట్టించి ఊరంతా తిప్పుడు నయం అని. ఆడోళ్ళు బిందెలు దించి నవ్విండ్రంట. ఎస్తేరు చెప్పుకుంటూ నవ్వలేదు.

18 ఫిబ్రవరి, శనివారం

బిజినేపల్లి పోయిన. పెంటమ్మ చెల్లె వాకిట్ల మాసయ్య పల్లికాయ ఒలుస్తుండు. వేళ్ళకు గ్రీజు మరకలు పోయినయి, చేతులు ఎవరివో అన్నట్టున్నయి. పెంటమ్మ నన్ను చూసి లోపలికి పోయింది. చాయ్ రాలేదు.

తప్పైంది మాసయ్యా అన్న. తప్పేముంది, నువ్వు చెప్పిందాంట్ల అబద్ధం లేదు గదా అన్నడు. షెడ్డు పోయింది గదా నా వల్ల అన్న. షెడ్డు ఎప్పటికైనా పోయేదే, అసుంటి గదులు నావి కావు అని నాకు తెల్వదా అన్నడు.

ఇంకో గుప్పెడు కాయలు తీసుకున్నడు. తర్వాత తల ఎత్తకుండనే చెప్పిండు. అయ్యగారూ, నేను ఆనాడు నీకు చెప్పలేదు, నీ ఎనకాల ఉన్నాయనకు చెప్పిన. నువ్వు తలుపు అనుకున్న. నువ్వు స్టేజీ మీద చెప్పినంక నాకు ఒకటే గుబులు. ఆయన వరకు పోయిందా, నీ కాడనే ఆగిందా. క్షమాపణ అన్నవు గదా, అది ఆయన ఇచ్చిందా, నువ్వు ఇచ్చి మళ్ళ గుంజుకున్నవా. రోజూ కండ్లు మూస్త, అటు దిక్కు ఎవరూ ఉన్నట్టు అనిపిస్తలేదు. ప్రార్థన చేసుడు బంద్ చేసిన.

నేను ప్రార్థన చేస్త అన్న, చెయ్యి ఎత్తిన. ఆయన తల పక్కకు జరుపుకున్నడు. మెల్లగనే జరుపుకున్నడు, నాకు చిన్నతనం కాకుండ.

బస్సుల వాక్యం తీసిన. ఏ పేజీ తీసినా నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టే ఉన్నది. మూసేసిన.

20 ఫిబ్రవరి, సోమవారం

రాఘవేందర్ సారు వచ్చే ఏటి షోకు కూడ నన్నే జడ్జి అంటుండు. గద్వాలోళ్ళు నన్నే అడుగుతుండ్రంట.

3 మార్చి, శుక్రవారం

మూడు గంటలయింది. ఎవరూ రాలేదు. ఎస్తేరు వచ్చి తలుపు దగ్గరికి వేసి, నా ఎదురుంగ కూసున్నది. చెప్పు అన్నది. ఐదింటి దాక కూసున్నది. నాకు మాట రాలేదు.