ఒంటికన్ను తాళం

ముఖం చూసి తెరుచుకునే తాళాల కంపెనీ వారికి,

నమస్కారం. మీ వీధి చివర తాళాలు బాగుచేసేవాణ్ణి నేను. మా అల్లుడు ముచ్చటపడి నా కొట్టుకి అద్దం తలుపూ, మీ తాళమూ పెట్టించి, దానికి నా ముఖం ఎక్కించి ఊరెళ్ళాడు. నేను టీ తాగొచ్చేసరికి తలుపు దానంతటదే మూసుకుని తాళం పడింది. అప్పట్నుంచీ ముఖం చూపిస్తుంటే "మీరెవరు?" అంటోంది. నలభై ఏళ్ళు ఊరందరి తలుపులూ తీసినవాణ్ణి, ఇప్పుడు నా కొట్టు మెట్ల మీదే కూర్చున్నాను! మీ కిటికీ దగ్గరికొస్తే రాసిచ్చి పొమ్మన్నారు. ఆదివారం అల్లుడొస్తున్నాడు. ఆలోగా తెరుచుకోకపోతే నా పరువు గంగలో కలిసినట్టే.

ఇట్లు,
తాళాలాయన

తా.క.: నా పనిముట్లన్నీ లోపలే ఉన్నాయి. నవ్వకండి.

*

గౌరవనీయులైన వినియోగదారునికి,

మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఫోనుకి కోడ్ పంపాము. దాన్ని తాళం మీద నొక్కగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: కోడ్ రెండు నిమిషాలే పనిచేస్తుంది.

*

ఫిర్యాదుల బాబుగారికి,

ఫోను కూడా లోపలే ఏడిచింది. మీ కోడ్ వచ్చినట్టు టింగుమంది. అద్దంలోంచి చూస్తే బోర్లా పడుంది. పనిముట్లు అరువు తెద్దామంటే ఊళ్ళో ఇంకో తాళాలాయన లేడు. రాయి పెట్టి కొడదామంటే అల్లుడి కానుక. పైగా, సొంత తాళం పగలగొట్టుకున్నవాడి దగ్గరికి రేపు ఎవరొస్తారు? మీకు దణ్ణం పెడతాను, ఒక మనిషిని పంపండి.

ఇట్లు,
మెట్ల మీది తాళాలాయన

తా.క.: మీసం వల్లేమోనని తీసేశాను. ఇప్పుడు మా ఆవిడ కూడా "మీరెవరు?" అంటోంది.

*

గౌరవనీయులైన వినియోగదారునికి,

మీ ఫిర్యాదును మా యంత్రం క్షుణ్ణంగా పరిశీలించింది. రికార్డు ప్రకారం కొట్టు యజమానికి ఒకటే కన్ను. రెండు కళ్ళున్న అపరిచితుడెవరో మూడు రోజులుగా లోపలికి రావాలని చూస్తున్నాడు. మీరే యజమాని అయితే, రెండో కన్ను ఎప్పుడు వచ్చిందో డాక్టరు సర్టిఫికెట్ జతచేయగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: దొంగ గురించి యజమాని ఫోనుకి హెచ్చరిక పంపాము.

*

అయ్యా,

రెండో కన్ను నాకు పుట్టుకతోనే వచ్చింది! అయితే మీ ఉత్తరం చదివి తలపట్టుకుని కూర్చుంటే ఒకటి గుర్తొచ్చింది. ముఖం ఎక్కించిన రోజున అల్లుడు, "ఆ కన్నంలోకి చూడండి మామయ్యగారూ" అన్నాడు. తాళంలో కన్నం కనిపిస్తే నేను ఎడమ కన్ను మూసుకునే చూస్తాను, నలభై ఏళ్ళ అలవాటు. మీ ఉత్తరం అందిన సాయంత్రమే మళ్ళీ అలా ఒంటికన్నుతో చూశాను. టక్కున తెరుచుకుంది. ఆదివారం అల్లుడి ముందు దర్జాగా తీసి చూపించాను. ఇందులో మీరు చేసిన సాయం సున్నా.

ఇట్లు,
రెండు కళ్ళ తాళాలాయన

తా.క.: అద్దం తలుపులో నా ముఖం ఎదురు కొట్టు దర్జీ ఆవిడకి కనిపిస్తుందట. వారం నుంచీ పొద్దున్నే తనకి కన్ను కొడుతున్నానని మా ఆవిడతో చెప్పింది. దీనికి ఏ కిటికీలో రాసివ్వాలి?

*

పెద్దాయనగారికి అనేకానేక నమస్కారాలు.

ఈ ఉత్తరం మా కిటికీలోంచి కిందికి విసిరి, దారినపోయే ఆయన్ని మీకిమ్మని బతిమాలాం. పొద్దున కంపెనీ తన తాళాలన్నిటికీ కొత్త తెలివి ఎక్కించింది. అప్పట్నుంచీ మా ఆఫీసు తలుపు ఎవర్నీ గుర్తుపట్టట్లేదు. పదకొండుమందిమి లోపలే ఇరుక్కున్నాం. యంత్రానికి మొరపెట్టుకుంటే రాసిచ్చి పొమ్మంది. పోవడానికి తలుపేదండీ? వరసగా నిలబడి అందరం ఒక కన్ను మూసి చూశాం. మేనేజరుగారు రెండూ మూశారు. లాభం లేదు. మీ పనిముట్ల సంచీ పట్టుకుని వెంటనే రండి. సర్టిఫికెట్లేమీ అడగం.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగంలోని మనుషులు

తా.క.: మీ తాళానికీ అదే తెలివి ఎక్కింది. మీరిప్పుడు టీ తాగడానికి బయటికి రాలేదు కదా?