నీళ్ల ట్యాంకు తర్వాతి స్టాపు

డ్రైవరుగారికి,

నమస్కారం. సాయంత్రం బస్సుకి టైమైపోయిందంటూ పాపని గుమ్మంలోనే దించి పరుగెడతారు. పొద్దున కళ్లు నలుపుకుంటూ వచ్చి భుజాన వేసుకుని వెళ్లిపోతారు. మీతో మాట్లాడాలంటే మీ బస్సెక్కాల్సిందే. అందుకే ఈ ఉత్తరం పాప సంచీలో పెడుతున్నాను.

పగటిపూట పిల్లల్ని చూసుకుంటూనే నా జుట్టు నెరిసింది. రాత్రికి కూడా ఉంచుకుంటానని గుమ్మానికి బోర్డు తగిలించింది మాత్రం ఈ మధ్యనే. మీ పాప వచ్చి వారమవుతోంది. నేను కన్ను మూసి కూడా వారమవుతోంది. కథ చెబితే "తర్వాతేంటి?" అంటుంది. ఆ కథలో రాజుకి పెళ్లి చేసి, పిల్లల్ని పుట్టించి, ముసలివాణ్ణి చేసి, చివరికి చంపేశాను కూడా. అయినా "తర్వాతేంటి?" అంటుంది. ప్రెస్సులో రాత్రిపని చేసే ఆవిడ తన చంటివాణ్ణి కూడా నా దగ్గరే వదులుతుంది. ఇప్పుడు వాడూ లేచి కూర్చుంటున్నాడు.

ఇలాగే సాగితే పాపని రాత్రిళ్లు ఉంచుకోవడం నావల్ల కాదు. వాళ్లమ్మ లేదన్నారు కదా. ఆవిడ తిరిగొచ్చాక ఒకసారి పంపించండి. నిద్రపుచ్చే కిటుకేదో ఆవిడనే అడిగి తెలుసుకుంటాను.

ఇట్లు,
పిల్లల ఇంటి పెద్దావిడ

తా.క.: నిన్న దుప్పటి కప్పుతుంటే "మీరెక్కడ దిగాలి?" అని అడిగింది. నా సొంత ఇంట్లో నేనెక్కడ దిగాలండీ?

*

పెద్దమ్మగారికి,

దణ్ణాలు. ఉంచుకోనని మాత్రం అనకండి. ఈ మధ్య నన్ను రాత్రి డ్యూటీకి మార్చారు, వేరేది ఇవ్వరు. పాపని వదలడానికి మీ గుమ్మం తప్ప ఇంకో గుమ్మం లేదు.

నేను ముందే చెప్పాల్సింది. నాకు పాటలు రావు, కథలు రావు. వచ్చిందల్లా మా రూటు. అందుకని పాపని పడుకోబెట్టి స్టాపులు చదువుతాను. "తర్వాతేంటి" అంటే తర్వాతి స్టాపేంటి అని. వరసగా రాస్తున్నాను: పోస్టాఫీసు, కూరగాయల మార్కెట్టు, కోర్టు, పాత వంతెన, నీళ్ల ట్యాంకు, బట్టల మిల్లు, డిపో. నెమ్మదిగా చదవండి. ఒక్కో స్టాపులో కాసేపు ఆగి "రైట్" అనండి. మిల్లు వచ్చేసరికి నిద్రపోతుంది.

వాళ్లమ్మని పంపడం కుదరదండి.

ఇట్లు,
పాప నాన్న

తా.క.: కోర్టు దగ్గర పెద్ద మలుపుంది. అక్కడ మంచం ఎడమవైపు కాస్త ఎత్తితే మంచిది. వంతెన మీద గతుకులుంటాయి. అవి మీ ఓపికని బట్టి.

*

డ్రైవరుగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. కోర్టు దగ్గర మంచం ఎత్తాను, నా నడుం పట్టేసింది. వంతెన మీద గతుకులకి చంటివాడు పకపకా నవ్వి ఉన్న నిద్ర కాస్తా పోగొట్టుకున్నాడు. ఇంతా చేస్తే, నీళ్ల ట్యాంకు దాటి నేను "బట్టల మిల్లు" అనగానే మీ కండక్టరమ్మ లేచి కూర్చుంది. మధ్యలో ఇంకోటి ఉందంది. ఏంటమ్మా అది అంటే చెప్పదు. రోజూ అదే పంతం.

నేను ఊరుకునే మనిషిని కాదు. ఆదివారం పగటి బస్సెక్కి రూటంతా తిరిగొచ్చాను. ట్యాంకుకీ మిల్లుకీ మధ్య పెద్దాసుపత్రి స్టాపుంది. అంత పెద్ద గేటున్న స్టాపుని మీరు ఎగరగొట్టేశారు. కాగితం మీదే మర్చిపోయిన మనిషికి రోడ్డు మీద గుర్తుంటుందా? రోగులూ వాళ్ల తాలూకు మనుషులూ రాత్రిపూట ఎక్కడ దిగాలి? మీ డిపో మేనేజరుగారికి అప్పుడే ఒక ముక్క రాసి పోస్టులో వేశాను.

ఇక వాళ్లమ్మ సంగతి. కన్నబిడ్డ నిద్రపోవడం లేదంటే ఒక్క పూట రావడం కుదరదా? ఎంత పనిమీద వెళ్లినా ఇదేం పద్ధతి? నాకు కోపం వచ్చింది, దాచుకోవడం చేతకాక రాస్తున్నాను.

ఈ రాత్రి ఆసుపత్రి కూడా కలిపి చదువుతాను.

ఇట్లు,
పిల్లల ఇంటి పెద్దావిడ

తా.క.: మీ బస్సులో సీట్ల కంటే నా ఇంటి మెట్లు మెత్తగా ఉంటాయి. ఆ సంగతి కూడా మేనేజరుగారికి రాశాను.

*

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం పాప గౌను కింద సంచీ అడుగున ఉండిపోయింది. మేనేజరుగారు పిలిచి, ఆసుపత్రి దగ్గర బస్సు ఆపడం లేదట కదా అని నిలదీశాక వెతుక్కుని చదివాను. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరిచేతా మాట పడలేదు. ప్రతి ట్రిప్పులోనూ అక్కడ ఆపుతాను. దిగేవాళ్లు నెమ్మదిగా దిగేదాకా ఆగుతాను. ఆ పేరు నోటితో చెప్పడమే నాకు చేతకాదు.

వాళ్లమ్మ లేదన్నాను. ఊళ్లో లేదని కాదండి. లేదంటే లేదు. పోయిన వానాకాలంలో నా బస్సులోనే వచ్చి ఆ స్టాపులో దిగింది. పాప ముందు సీట్లో కూర్చునుంది. రెండ్రోజుల్లో వచ్చేస్తానని, అందాకా నాన్నని విసిగించొద్దని పాపకి చెప్పి దిగింది. మళ్లీ ఎక్కలేదు.

మీకు దణ్ణం పెడతాను, పాప దగ్గర ఆ స్టాపు చదవకండి. చదువుతానంటే పాపని తీసుకెళ్లిపోతాను. ఎక్కడికని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు.

ఇట్లు,
పాప నాన్న

తా.క.: సీట్ల సంగతి నిజమేనని మేనేజరుగారు ఒప్పుకున్నారు.

*

నాయనా,

ఇంకా "గారు" అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం చదివాను. ఆ తల్లిని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మాటలు వెనక్కి రావని నాకు తెలుసు, అయినా తీసుకుంటున్నాను. నీమీద నేను చెప్పింది తప్పని మేనేజరుగారికి ఇంకో ఉత్తరం రాశాను. సీట్ల గురించి మాత్రం వెనక్కి తగ్గలేదు.

నువ్వు వద్దనే లోపే ఆ స్టాపు చదివేశాను. ఏం జరిగిందో విను.

నీళ్ల ట్యాంకు తర్వాత "పెద్దాసుపత్రి" అన్నాను. పాప లేచి కూర్చుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. తలుపు తీయమంది. వెళ్లి గది తలుపు తీశాను. అటే చూస్తూ కూర్చుంది. కాసేపటికి "ఎవరూ ఎక్కలేదు" అంది. తలుపు వేసేయమని చెయ్యి ఊపి, "రైట్" అంది. నేను బట్టల మిల్లు అనేలోపే నిద్రపోయింది. అప్పట్నుంచీ రోజూ అంతే.

ఆ స్టాపు సంగతి నాన్ననెందుకు అడగలేదమ్మా అని నిన్న అడిగాను.

"నాన్న బస్సు అక్కడ ఆగితే నాన్న ఏడుస్తాడు. అందుకే మిల్లు రాగానే కళ్లు మూసేసుకుంటా. అప్పుడు నాన్న పడుకుంటాడు" అంది.

ఇన్నాళ్లూ నువ్వు దాన్ని నిద్రపుచ్చుతున్నావనుకున్నావు నాయనా. అదే నిన్ను నిద్రపుచ్చుతోంది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పి చెబుతున్నాను. పాపని ఎక్కడికీ తీసుకెళ్లకు. అది నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: డ్యూటీ లేని రాత్రి నువ్వూ రా. బస్సు నేను నడుపుతాను, నువ్వు పాప పక్కన కూర్చో. కోర్టు మలుపు దగ్గర మాత్రం దిగి మంచం నువ్వే ఎత్తాలి, నా నడుం ఇంకా కుదుటపడలేదు. ఆసుపత్రి దగ్గర నీకెంతసేపు కావాలంటే అంతసేపు ఆపుతాను.