పద్నాలుగో నంబరు పొట్లం గురించి

సంగారెడ్డి,
18 ఆగస్టు 1974.

సముద్ర పరిశోధన కేంద్రము అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పద్నాలుగో నంబరు చేప బూడిద పొట్లమును వాపసు చేయలేకపోవుట, అందుకొరకు మా ఇంటికి మనిషిని పంపవద్దని మనవి.

సంగారెడ్డి గంజ్‌లో మాది ధాన్యం కొట్టు. ఆ కొట్టు వద్దని పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, పిదప తమ పరిశోధన పడవలో ఇంజను పనికి చేరిన విశ్వేశ్వర్‌కు నేను చెల్లెలిని. పడవ మునిగి తొమ్మిది నెలలైనది. శవం దొరకలేదు. పొట్లం తిరిగి ఇవ్వకుంటే విచారణకు మనిషి వచ్చునని తమ తాఖీదు నిన్న అందినది.

1. ఒడ్డున గదిలో ఉండిపోయిన అన్న ట్రంకుపెట్టెను పోయిన నెల తమ కార్యాలయమే పంపినది. అతని బట్టల నడుమ ఆ పొట్లం ఉండినది. పెట్టినది మేము కాదు.

2. మాది చేప పేరెత్తని ఇల్లు. అన్న ‘సముద్రపు నీళ్ళ ఆఫీసు’లో ఉన్నాడనే మా అమ్మ ఆదిలక్ష్మికి తెలుసు. సెలవులో వచ్చినప్పుడు నాకొక్కదానికే చెప్పినాడు: “అణుబాంబుల దుమ్ము సముద్రంల పడ్డదే నాగా. చేపల ఒంట్లకు చేరింది. చేప నోరిప్పదు గని, కాల్చి బూడిద కొలిస్తే ఏ నీళ్ళల్ల తిరిగొచ్చిందో ఎరుకైతది. ఇంజను పని లేనప్పుడు ఆ పొట్లాల మీద పేర్లు నేనే రాస్త.”

3. శవం లేనందున అమ్మ కర్మ చేయనివ్వలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దామన్న అయ్యవారిని, “గడ్డిపోచలా నా కొడుకు?” అని తరిమినది. రోజూ వాడికి విస్తరి వేసి, తాను సగం ముద్దతో లేచేది.

4. పొట్లం మీది ఇంగ్లీషు అమ్మకు రాదు. అన్న రాత మాత్రం గుర్తుపట్టినది. విప్పి చూసి, “గింతేనా నాగా? ఆరడుగుల పిలగాడు, గింతేనా?” అన్నది. పోయినవాడు తన బూడిద మీద తానే పేరెట్లా రాస్తాడని ఆమెకు తోచలేదు. నేను జంతుశాస్త్రంలో బి.ఎస్సీ. చదివినదానను. ‘సూర చేప’ అని ఇంగ్లీషులో స్పష్టంగానే ఉన్నది. “గంతేనమ్మా” అన్నాను.

5. అస్థికలు గడప దాటి రాకూడదు గనుక మూటగట్టి పెరటి దానిమ్మకు వేలాడదీసి, మూడోనాడు పాలు పోసి మంజీరలో కలిపినాము. ఇంటికి వచ్చి అమ్మ తలస్నానం చేసి, మారు అడిగి అన్నం తిన్నది.

కావున ఆ పొట్లమును నష్టము కింద కొట్టివేయ ప్రార్థన. ఒక చేప ఎక్కడ తిరిగినదో తమకు తెలియకుండా చేసినందుకు క్షమించండి. మా అన్న ఎక్కడున్నాడో మాకూ తెలియదు. అబద్ధమాడినది నేను. శిక్ష ఏదైనా నా పేర, నేను పనిచేసే ఇక్కడి కాలేజీ చిరునామాకు పంపండి.

ఇంతయు చిత్తగించి, మా గడప మీద ఈ చేప మాట పలుకనీయవద్దని వేడుకొను,

తమ విధేయురాలు,
నాగేశ్వరి

తా.క. మీ మనిషి ఇప్పటికే బస్సెక్కి ఉంటే, అన్న స్నేహితుడనని చెప్పుకొమ్మనండి. అమ్మ తినకుండా పోనివ్వదు. వడ్డిస్తూ, “అక్కడ మావాడు ఏం తింటుండె బిడ్డా?” అని అడుగుతుంది. పప్పన్నమని చెప్పమనండి.