ఎక్కని పాటలు

చి. రాజ్యశ్రీకి,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక, పాటలు దాచే హార్డ్ డ్రైవ్‌తో పాటు ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను. మన పొలంలో నాట్లేసే ఆదెమ్మ పాటలు అందులో వినపడుతున్నాయి గానీ, కొత్తవి ఎక్కడం లేదు. నా ఫోన్ నిండిపోయింది. సోమవారం ఆమె గొంతుకు ఆపరేషన్. తర్వాత ఇక పాడడం కుదరదట.

కంప్యూటర్ షాపు రెహమాన్ చూసి, “ఫార్మాట్ కొడితే జల్దీ అయితది అమ్మా, పాతయి మాత్రం పోతయ్” అన్నాడు. వద్దన్నాను. అందులో కొత్తవి చేర్చే అనుమతి నీ ఒక్కదాని పేరు మీదే ఉందట. ఎవరైనా చెరిపేస్తారని అందరి ముందు నిన్ను కసిరి అలా పెట్టించింది నేనే. తప్పు నాది.

శనివారంలోగా సరిచేసి పంపు. ఆదివారం ఆదెమ్మ మరో పదకొండు పాటలు పాడతానంది. డ్రైవ్ రాకపోతే, ఫోన్‌లో మిగిలిన మీ తాతయ్య వాయిస్ మెసేజ్‌లు తీసేసి చోటు చేస్తాను. పోయిన ఆయన గొంతు నాకు గుర్తుంది. ఈ పాటలు ఆదెమ్మకు తప్ప ఎవరికీ రావు.

అమ్మమ్మ