కల్వర్టు కింద నీళ్లు

జూన్ 4
పదకొండేళ్లుగా నెలకోసారి అదే కల్వర్టు కింద కాలుష్య పరీక్షకు సీసా ముంచుతున్నాను. ఈరోజు మా ఆఫీసు సారు కాగితం పంపారు — ఇకపై వాగు నీళ్లు కిలోమీటరు ఎగువన తీయాలట. కల్వర్టు దగ్గర దిగే దారి ప్రమాదకరమట. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ జారిపడలేదు. సారు ఒక్కసారీ దిగలేదు.
ఫ్యాక్టరీల మురుగు కాలువ వాగులో కలిసేది కల్వర్టుకు కాస్త పైన. కొత్త చోటు ఆ కాలువకు ఇంకా పైన. ప్రమాదం ఎవరికో తెలుస్తూనే ఉంది.

జూన్ 5
కొత్త చోటు. తేట నీళ్లు, చేపపిల్లలు, ఒక కొంగ. మీటరులో ఆక్సిజన్ పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. జీపు నడిపే ఖాజా భాయ్ వంగి చూసి, "వంటింట్ల వాసనొస్తే ముందటి అర్రల ముక్కు పెట్టి చూసినట్టున్నది మేడం" అన్నాడు.
సారు రాలేదు. కంది చౌరస్తా దగ్గర ట్రాఫిక్ అట. ఆయనకు ఏ ఊరి వాగుకు పోవాలన్నా కంది దగ్గరే ట్రాఫిక్.

జూలై 3
మళ్లీ అక్కడే. కొంగ కూడా అక్కడే. దాన్ని కూడా నియమించారేమో.

జూలై 9
సారు గదిలో గ్రాఫు, రంగుల్లో. పదకొండేళ్ల గీత నేల మీద పాకుతుంది, చివరి రెండు చుక్కలు ఆకాశంలో. "చూశారా, వాగు కోలుకుంటోంది." ఆ రెండూ వేరే చోటివని కింద రాయాలి కదా అన్నాను. "అవన్నీ టెక్నికల్ విషయాలమ్మా, జనానికెందుకు?"
మీటరు ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి. టెక్నికల్ అట.

జూలై 18
వాగు బాగుపడిందని ఊళ్లో సభ. పంచాయతీ ఆఫీసులో సమోసాలు, సీలు వేసిన నీళ్ల సీసాలు — ఫ్యాక్టరీవాళ్లు పంపినవి. బాగుపడిందని చెప్పడానికి వచ్చినవాళ్లంతా సీసా నీళ్లే తాగారు.
సారు గ్రాఫు చూపించారు. చప్పట్లు — ముందు వరుసలో.
వెనక నుంచి లక్ష్మమ్మ లేచింది. ఆమె పొలం గట్టు మీదుగానే నేను కల్వర్టు కిందికి దిగేది. పోయినేడు వాగు నీళ్లు తాగి ఆమె బర్లు రెండింటికి చూడి నిలవలేదు. నావైపే చూసి అడిగింది.
"బిడ్డా, రెండు నెల్ల సంది నా గట్టు మీద కనవడ్తలేవు. గీ మంచి నీళ్లు ఏడ ముంచినవ్?"
"మేడం చెప్తారు" అన్నారు సారు.
"చోటు కొద్దిగా మారింది" అన్నాను.
"గట్లనా" అంది. కూర్చుంది. ఇంకొక్క మాట అడిగితే బాగుండేది.

జూలై 19
కొద్దిగా... నిన్నటి నుంచి ఆ మాట నోట్లో చేదుగా ఉంది. సారు అబద్ధమాడితే ఆయనకు ఆకలి తగ్గదు. నాకు తగ్గింది. అంతకు మించి నాకూ ఆయనకూ తేడా లేదు.

ఆగస్టు 2
"ముందు కల్వర్టుకు పద" అన్నాను.
"ఆర్డర్ల లేదు గద మేడం" అంటూనే ఖాజా భాయ్ బండి అటు తిప్పాడు.
బెల్లం పాకం రంగు. నురుగు. మందుల వాసన — ముక్కులో కాదు, గొంతులో తగులుతుంది. మీటరులో ఆక్సిజన్ సున్నా పక్కన చతికిలబడింది. పదకొండేళ్లుగా ఎలా ఉందో అలాగే.
లక్ష్మమ్మ గడ్డి కోస్తోంది. సభలో అన్న మాటకు క్షమించమని అడగాలనుకున్నాను. కొడవలి పక్కన పెట్టి వచ్చి చెయ్యి అందించింది. "జెర పదిలం, నాచున్నది."
అడగలేదు. ఆ చెయ్యి పట్టుకునే దిగాను.
తర్వాత ఎగువ చోటు కూడా చూశాను. ఆర్డరు ఆర్డరే.

ఆగస్టు 6
రిపోర్టులో రెండు వరుసలు రాసి పంపాను. కల్వర్టు వరుస మీద ఎర్ర గీతతో తిరిగొచ్చింది. "అనుమతి లేని చోటు." గుండ్రటి అక్షరాలు. ఆయన పనిలో శుభ్రంగా ఉండేది దస్తూరీ ఒక్కటే.

ఆగస్టు 8
ఉత్తరం రాశాను, ఒక పేజీ. జూన్ నుంచి తీసిన నీళ్లు వేరే చోటివి, పాత గీతతో కలపకూడదు. పై ఆఫీసులో ఇచ్చాను. "ఎందుకు మేడం గివన్నీ" అంటూ గుమాస్తా ముద్ర వేశాడు, ఈగను కొట్టినట్టు.
ఒక నకలు లక్ష్మమ్మకు. చదవడం రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, "నీ పేరేడున్నది?" అంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

ఆగస్టు 14
కొత్త డ్యూటీ పట్టిక. వాగు దగ్గర నా పేరు లేదు. ల్యాబులో సీసాలు కడిగించే పని. "ఆరోగ్య కారణాల రీత్యా." నాకు జలుబు కూడా లేదు.

ఆగస్టు 21
ఉత్తరానికి జవాబు లేదు.

సెప్టెంబర్ 3
పదింటికి ఖాజా భాయ్ ఫోన్. "మేడం, మీ జాగల కొత్తాయన వచ్చిండు. ఇంతకుముందు నీళ్లు యాడ తీసేటోళ్లు అని అడుగుతుండు. ఎగువకు పొమ్మన్న కాయిదం చేతులనే ఉన్నది. ఏం జెప్పాలె?"
"లక్ష్మమ్మ గట్టు చూపించు" అన్నాను.
అటువైపు కొత్తాయన కాబోలు, "దూరమా?" అంటున్నారు. ఫోన్ కట్టయింది.
ఎగువకే పోయి ఉంటే పన్నెండుకల్లా నీళ్ల పెట్టె ల్యాబుకు రావాలి; కల్వర్టు కిందికీ దిగితేనే ఆలస్యం. రాలేదు. టీకి ఆగి ఉంటారు. మా ఆఫీసువాళ్లు దేనికైనా ఆగుతారు.
రెండున్నర. ఇంకా రాలేదు. గేటు వైపు కిటికీ తెరిచాను...